ఈడు రాకముందే చెబుదాం



స్కాలర్‌షిప్పుల గురించో, పరీక్షల గురించో మాట్లాడమంటే ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునే మాకు సులువే. ఈసారి మాత్రం మన ఇళ్ళలో ఎవరూ నోరు విప్పని సంగతి ఎత్తుకుంటున్నాము. పిల్లలు ఈడుకు రావడం గురించి.

ఈడు వచ్చినవారిని మనం బాలిగ్ అంటాం. ఆ అరబీ మాటకు చేరుకున్నవారని అర్థం. ఆ దారి ముందుగా చెప్పేదెవరు? ఇంట్లో చెబుతారని మాస్టార్లు, బడిలో చెబుతారని అమ్మీ అబ్బాలు ఊరుకుంటారు. మధ్యలో చెప్పేది సెల్‌ఫోను, గోడల మీద గుప్తరోగాల వైద్యుల ప్రకటనలు!

శరీరం మన కోసం ఆగదండీ. ఆడపిల్లల్లో 8 నుంచి 13 ఏళ్ళ మధ్య, మగపిల్లల్లో 9 నుంచి 14 ఏళ్ళ మధ్య మార్పులు మొదలవుతాయి. ఏమీ తెలియని పిల్ల మొదటిసారి రక్తం చూసి ఏదో జబ్బు చేసిందని హడలిపోతుంది. 2021 అక్టోబరు 5న మన రాష్ట్రంలో 'స్వేచ్ఛ' పథకం మొదలైంది. ప్రభుత్వ బడుల్లో, కాలేజీల్లో 7 నుంచి 12 తరగతుల ఆడపిల్లలకు నెలకు 10 చొప్పున శానిటరీ న్యాప్‌కిన్లు ఇవ్వాలని దాని ఉద్దేశం. మంచి పనే. కాని ఎన్ని గంటలకొకసారి మార్చాలో, గుడ్డ వాడితే ఉతికి ఎండలోనే ఎందుకు ఆరేయాలో అమ్మో ఖాలాయో చెప్పాలి గదా. పైగా కొందరికి ఏడో తరగతికి రాకముందే నెలసరి మొదలవుతుంది.

మగపిల్లల మాట అసలే తలవం. గొంతు మారుతుంది, మీసం మొలుస్తుంది, నిద్రలో వీర్యం పోతుంది. అది జబ్బు కాదు, నీరసమూ రాదు, గుస్ల్ చేస్తే చాలు అని తండ్రి ఒక్క మాట చెబితే ఆ అబ్బాయి దొంగ వైద్యుడికి డబ్బు పోయడు. నెలసరి సంగతి కూడా అబ్బాయిలకు తెలియాలి. తెలిసినవాడు చెల్లెలిని గాని, తోటి పిల్లను గాని ఎగతాళి చేయడు.

ఇలా మాట్లాడితే హయా పోతుందని కొందరి భయం. హయా గొప్ప గుణమే. అయినా నెలసరి గురించి జనం అడిగిన ప్రశ్న, దానికి జవాబు సూరె బఖరాలోనే ఉన్నాయి. దీన్ నేర్చుకోవడానికి సిగ్గు అడ్డం రానివ్వలేదని అన్సార్ స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) మెచ్చుకున్నారు. ఆ రోజుల్లో నమాజు మాఫీ అని, వదిలిన రోజాలు తర్వాత ఖజా చేయాలని ఎవరూ చెప్పకపోతే పిల్లకు ఎలా తెలుస్తుంది?

అంచేత మా మనవి ఒక్కటే. మన మధురవాడలో ఏటా వేసవి సెలవుల్లో ఒక ఆదివారం సంఘం తరఫున ఆడపిల్లలకు, తల్లులకు లేడీ డాక్టరు చేత, అబ్బాయిలకు, తండ్రులకు వేరుగా మరో డాక్టరు చేత చెప్పిద్దాం. పదేళ్ళు నిండిన ప్రతి పిల్లనూ, పిల్లవాణ్ణీ పంపండి. ఎవరైనా తాకరాని చోట తాకితే దాచకుండా ఇంట్లో చెప్పాలని, సాయానికి 1098 ఉందని కూడా అక్కడే నేర్పుదాం.

అల్లాహ్ మన పిల్లలకు ఆరోగ్యాన్ని, ఇల్మ్‌నూ, హయానూ ప్రసాదించుగాక. ఆమీన్. శెలవు.