సావిడిలో స్పోర్ట్సు కారు

శనివారము వచ్చినదనిన మా వాడపల్లిలో కార్లు నిలుపుటకు చోటు దొరకదు. ఏడు శనివారముల మ్రొక్కు తీర్చుకొనువారు వేంకటేశ్వరస్వామివారి సన్నిధికి తెల్లవారకమునుపే చేరుదురు. ఆ కార్లను చూచి చూచి మా మేనల్లునికొక కోరిక పుట్టినది. "మావయ్యా, విదేశమునుండి విడిభాగములు తెప్పించి మన సావిడిలోనే కోబ్రా కారు కూర్చుతాను. కొబ్బరితోటమీద అప్పు తెమ్మని నాన్నగారితో మీరొక మాట చెప్పండి" అని మమ్మడిగినాడు. తోట మాట వచ్చినది కనుక, ఏదియు చెప్పకమునుపు మేము విషయము విచారింపవలసివచ్చినది. తెలిసినదానిని శ్రోతలకు మనవి చేయుచున్నాము.

ఇంగ్లండులో 1957లో కాలిన్ చాప్‌మన్ అనునాయన లోటస్ సెవెన్ అను చిన్న కారును వెలువరించెను. ఆ రోజులలో అచ్చట పూర్తిగా తయారైన కారుపై కొనుగోలు పన్ను ఉండెడిది. విడిభాగములుగా కొన్నచో ఆ భారము తప్పెడిది. కాని అమ్మువారు కూర్చు విధానమును వ్రాసి ఈయరాదని నియమము. అందుచే కారును విప్పు విధానమును వ్రాసి యిచ్చిరట! కొన్నవాడు దానిని తుదినుండి మొదటికి చదువుకొనెడివాడు. 1973లో పన్నుల పద్ధతి మారినను సరదా పోలేదు. ఆ యేడే కేటర్‌హామ్ సంస్థకు చేరిన ఆ కారును నేటికిని విడిభాగములుగా కొనవచ్చును.

కోబ్రా కథ వేరు. 1962లో అమెరికా పందెగాడు కారల్ షెల్బీ, ఇంగ్లండులోని ఏ.సీ. సంస్థవారి తేలిక కారులో ఫోర్డువారి వీ-8 ఇంజను పెట్టించెను. అసలు కార్లు సుమారు వేయి మాత్రమే తయారైనవి. వాని ధర నేడు కోట్లకెక్కినది. అందుచేతనే ప్రతిరూపములకింత గిరాకీ. ఉక్కు గొట్టముల చట్రము, ఫైబరుగ్లాసు పైతొడుగు క్రొత్తవి. ఇంజను, గేరుపెట్టె తరచుగా పాతకారునుండి తీసినవి.

చూచువారికి పైతొడుగే కారు. కూర్చువానికి బ్రేకులు ముఖ్యము. బ్రేకు గొట్టములో గాలి మిగిలినచో, త్రొక్కిన బలము ఆ గాలిని నొక్కుటకే సరిపోవును. పెడలు మెత్తగా దిగును, బండి నిలువదు. బ్రేకు ద్రవము తేమను పీల్చుకొనును. మా కోనసీమవంటి చోట సీసామూత తీసి ఉంచరాదు. ప్రతి నట్టునకును ఇంత బిగింపని లెక్క కలదు. రథము లాగుటకు వందలమంది వత్తురు. చక్రముక్రింద చెక్క వేసి నిలుపువాడు మాత్రము నేర్పరి కావలెను.

ఇక చట్టము. బ్రిటనులో ఇట్టి ప్రతి కారును విడిగా పరీక్షించి రోడ్డుమీదికి అనుమతించు పద్ధతి కలదు. మన దేశమున 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములప్రకారము, తయారీదారు తన నమూనాను పూణేలోని ఏ.ఆర్.ఏ.ఐ. వంటి సంస్థచే పరీక్షింపజేయవలెను. ఇంట ఒక్కకారు కూర్చువానికది మోయలేని భారము. రిజిస్ట్రేషను లేనిది రోడ్డెక్కరాదు. పాతకారు నంబరును క్రొత్తదానికి తగిలింతమన్నను కుదరదు. తయారీదారు నిర్ణయించిన స్వరూపమును మార్చరాదని 1988 నాటి చట్టములోని 52వ సెక్షను చెప్పుచున్నది. 2019లో సుప్రీంకోర్టును ఆ మాటనే బలపరచినది.

చేతిపనికి మనయొద్ద చోటు లేదనరాదు. హైదరాబాదు బహదూర్‌పురాలో సుధాకర్‌గారు 2010లో తెరచిన సుధా కార్ల ప్రదర్శనశాలలో క్రికెట్టు బంతి, కెమేరా, బూటు ఆకారములలో చేతితో చేసిన కార్లున్నవి. అవి జనులు చూచి ఆనందించుటకైనవి. మావాడు కోరినది నిత్యము రోడ్డుమీద తిరుగు బండి.

కావున తోటమీద అప్పు వలదంటిమి. వాని ముఖము వాడినది. కోరిక మాత్రము చెడ్డది కాదు గదా! తుక్కుధరకు ఒక పాతకారు కొని, ముందు విప్పుట నేర్చుకొమ్మంటిమి. రెండు నెలలలో బ్రేకులు విప్పి, క్రొత్త రబ్బరులు వేసి, తిరిగి కూర్చినాడు. వాడు చక్రమువద్ద మర వదలుచు బిగించుచుండ, మేము పెడలు త్రొక్కితిమి. మొదట బుడగలు వచ్చినవి. పిదప ద్రవము తెరపిలేక వచ్చినది. పెడలు మా కాలిక్రింద గట్టిగా నిలిచినది. "పట్టింది మావయ్యా!" అని వాడు కేక వేసినాడు.

ఇట్టి కోరికగల పిల్లలు మీ యింటనున్నచో వారిని కసరకుడు. తోటను కదలింపక, బ్రేకులతో పని మొదలుపెట్టింపుడు.