క్లెయిము కుదరదన్న ఉత్తరం వచ్చాక

(మాదాపూర్‌లో జరిగిన కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హింస గురించీ, ఆస్తి హక్కు గురించీ మాట్లాడుకునే చోట ఇన్సూరెన్సు గొడవ ఎందుకని ఇందాక ఒకరిద్దరు అడిగారు. ఇల్లు మునిగితే బురద ఎత్తిపోసేది మనం. తడిసిన బియ్యం ఎంత, పాడైన పరుపులెన్ని, కుట్టుమిషను మోటారు పనిచేస్తుందా లేదా, ఈ లెక్క తెలిసేదీ మనకే. ఆ లెక్క కాగితం మీదికి ఎక్కేటప్పుడు మాత్రం సంతకం ఇంకొకరిది కావాలి. అందుకే ఈ గొడవ మనది కూడా.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటికి ఈ ప్రాంతమంతా రాళ్ల గుట్టలు, చెరువులు, వాటిని కలిపే వాగులు. తరువాత కాలనీలు వచ్చాయి, అపార్ట్‌మెంట్లు వచ్చాయి, వాన నీరు పోయే దారి ఇరుకైంది. 2020 అక్టోబరు 13న వాయుగుండం వల్ల కుండపోత వాన కురిసింది. ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 30 సెంటీమీటర్లు దాటింది. కొండాపూర్‌లో మాది గ్రౌండ్ ఫ్లోరు. ఇంట్లోకి మోకాలి లోతు నీళ్లు వచ్చాయి.

ఇంటి అప్పుతో పాటు బ్యాంకు అంటగట్టిన పాలసీ ఒకటి ఉంది. అప్పు ఇద్దరి పేరునా ఉన్నా పాలసీ మా ఆయన ఒక్కడి పేరున ఉంది. ఆయన అప్పుడు ఉద్యోగం మీద అమెరికాలో ఉన్నాడు. నేను ఫోను చేస్తే "పాలసీదారు మాట్లాడాలి మేడమ్" అన్నారు. మునిగిన ఇంట్లో ఉన్నది నేనంటే, "రూల్సు అంతే" అన్నారు. ఆయన నుంచి అధికార పత్రం తెప్పించి పంపేసరికి నాలుగు రోజులు గడిచాయి. ఈలోగా గోడ మీద నీటి గీత కనబడేలా ఫోటోలు తీసి, పోయిన ప్రతి వస్తువూ నోటుబుక్కులో రాసుకున్నాను. పాడైన సామాను బయట పారేయలేదు. సర్వేయరు వచ్చాడు. నేను పక్కనే ఉండగా అపార్ట్‌మెంటు సెక్రటరీని పిలిచి, నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయని ఆయన్ని అడిగాడు. ఆయన ఉండేది నాలుగో అంతస్తులో!

నెల దాటాక ఉత్తరం వచ్చింది. దగ్గరలో పొంగిన నది గానీ చెరువు గానీ లేదు కనుక ఇది వరద కాదట, వాన నీరు నిలవడం పాలసీ కిందికి రాదట. క్లెయిము తిరస్కరించారు.

ఇలాంటి ఉత్తరం ఇంగ్లీషులో, ముద్ర వేసి వస్తే మనలో చాలామంది కోర్టు తీర్పు వచ్చినట్టు కూలబడిపోతాం. నిజానికి అది ఎదుటి పక్షం వాదన, అంతే. నేను పాలసీ తీసి చదివాను. అందులో తుఫాను, గాలివాన, వరద అన్నాక ముంపు అనే మాట విడిగా ఉంది. సరిగ్గా ఈ మాట మీదే 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. భారీ వానకు జె.కె. సిమెంట్ వర్క్స్ వారి బొగ్గు కొట్టుకుపోయింది. వరదంటే నదో కాలువో పొంగడమేనని ఓరియంటల్ ఇన్సూరెన్స్ కంపెనీ వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. వాన నీరు చేరి ముంచినా 'వరద, ముంపు' కిందికే వస్తుందని చెప్పింది. పెద్ద కంపెనీ బొగ్గుకు వర్తించిన న్యాయం మా వంటింటికీ వర్తించాలి కదా!

ముందుగా సర్వేయరు నివేదిక కాపీ రాతపూర్వకంగా అడిగాను. అడిగితే ఇవ్వాలి. నివేదికలో ఏం రాసినా అది తిరుగులేనిదేమీ కాదని ప్రదీప్ కుమార్ కేసులో 2009లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాసి నెల రోజులు చూసి, లక్డీకాపూల్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పంపాను. అక్కడ ఫీజు లేదు, వకీలు అవసరం లేదు. అప్పట్లో 30 లక్షల దాకా వినేవారు, 2023లో దాన్ని 50 లక్షలు చేశారు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి. వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసి ఉంటే మాత్రం అంబుడ్స్‌మన్ తీసుకోరు, ఇది గుర్తుంచుకోండి.

విచారణ రోజున కంపెనీ ప్రతినిధి కొత్త పాట ఎత్తుకున్నాడు, సమాచారం ఆలస్యంగా ఇచ్చామని. ఆ నాలుగు రోజులూ ఎవరివల్ల పోయాయో చెప్పాను. పైగా ఉత్తరంలో లేని కారణాన్ని తరువాత తెచ్చి అతికించడం కుదరదని గలాడా పవర్ కేసులో 2016లో సుప్రీంకోర్టు అన్నది. పాత వస్తువులకు తరుగు తీసేసి మిగతాది ఇవ్వమని ఆదేశం వచ్చింది. అలాంటి ఆదేశాన్ని కంపెనీ 30 రోజుల్లో అమలు చేయాలి. అంబుడ్స్‌మన్ దగ్గర మనకు న్యాయం జరగలేదనిపిస్తే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం మనం ఉండే ఊళ్లోనే, రెండేళ్ల లోపు వేయవచ్చు. కట్టిన ప్రీమియాన్ని బట్టి లెక్కగడతారు కనుక మనలాంటి వాళ్లకు ఫీజు పడదు.

డబ్బు మా ఆయన ఖాతాలోనే పడింది. ఆ ఇంట్లో గొడవలు లేవు కనుక నాకు అది సమస్య కాలేదు. విడిపోయి, పిల్లలతో ఆ ఇంట్లోనే ఉంటున్న ఆమె మాటేమిటి? ప్రీమియం రసీదు బ్యాంకు అప్పు ఖాతాలో కలిసిపోయి, అసలు పాలసీ ఉందన్న సంగతే తెలియని ఆమె మాటేమిటి? మన దగ్గరకు సలహాకు వచ్చే వాళ్లను నగల గురించి అడుగుతాం, పట్టా గురించి అడుగుతాం. పాలసీ ఎవరి పేరున ఉందో కూడా అడగాలి. ఇద్దరి పేర్లూ రాయించమని బ్యాంకుకు ఉత్తరం పెట్టించాలి.

ఇక మా ఇంట్లో పనిచేసే ఆమె సిద్దిక్‌నగర్‌లో అద్దె గదిలో ఉండేది. ఆ రాత్రి ఆమెకు మిగిలింది ఒంటి మీది చీర. ప్రభుత్వం ప్రకటించిన 10,000 రూపాయల కోసం మీ సేవ ముందు వరుసలో నిలబడింది. నగరపాలక ఎన్నికలని నవంబరులో ఆ పంపిణీ ఆపేశారు. పాలసీలంటే సొంతిల్లున్న వాళ్లకే అని ఆమె అనుకుంటుంది, ఏజెంట్లూ అలాగే చెబుతారు. అది నిజం కాదు. 2021 ఏప్రిల్‌లో కంపెనీలన్నీ 'భారత్ గృహ రక్ష' అనే ఒకే రకం పాలసీ అమ్మాలన్న నిబంధన వచ్చింది. అద్దెకున్న వాళ్లు ఇల్లు వదిలేసి సామానుకు మాత్రమే అది తీసుకోవచ్చు. నగదు దాని కిందికి రాదు, నగలకు విడిగా రాయించుకోవాలి. మొన్న మేం ముగ్గురం ఒక ఆఫీసుకు వెళ్లి బస్తీలో అద్దె గదికి సామాను పాలసీ కావాలని అడిగాం. కౌంటరులో ఆయన అలాంటిది లేదన్నాడు. ఆ మాటే కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నాం. లోపలికి వెళ్లి దరఖాస్తు ఫారం తెచ్చి ఇచ్చాడు.