సివంగి అంటే ఆడ సింహమా?

మా కురవిలో ఆడపిల్ల గట్టిగా ఎదురు తిరిగితే "సివంగి లెక్కనే ఉంది" అంటరు. అసలు సివంగి అంటే ఏ జంతువు? మా ఇంట్లో అడిగితే ఒకరు ఆడ సింహం అన్నరు, ఇంకొకరు చిరుత అన్నరు. చూసినోళ్లు మాత్రం ఎవరూ లేరు.

సింహాలు ఇప్పుడు దేశంలో గుజరాత్‌లోనే ఉన్నాయి. పక్కనున్న కన్నడంలో సివంగి అంటే చీతా. 1867లో జెర్డన్ అనే బ్రిటిష్ డాక్టరు మన జంతువుల మీద రాసిన పుస్తకంలో కూడా చీతాకు కన్నడ పేరు అదే. అందుకే మన సివంగి కూడా చీతానే అయ్యుంటదని నాకనిపిస్తుంది.

చిరుత, చీతా ఒకటి కాదు. చిరుత ఒంటి మీద పువ్వుల్లాంటి మచ్చలు. చీతాకు నిండు నల్ల చుక్కలు, కంటి నుంచి నోటిదాకా కన్నీటి చారలా నల్ల గీత. రాజులు దీన్ని మచ్చిక చేసి జింకల వేటకు వాడేవారు. బంధిస్తే పిల్లలు పెట్టడం చాలా అరుదు, అందుకే మళ్లీ మళ్లీ అడవి నుంచే పట్టేవారు. 1947లో, ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని కొరియా సంస్థానం రాజు ఒకే రాత్రి మూడింటిని కాల్చాడు. 1952లో చీతా అంతరించిందని ప్రభుత్వం ప్రకటించింది. 2022లో కూనోకు వచ్చిన 8 చీతాలు నమీబియావి, మనవి కావు.

జంతువు పోయింది, పేరు తిట్టులో మిగిలింది. మీ ఊరి పెద్దోళ్లను అడగండి, సివంగి ఎట్లుంటదో. వాళ్లు చెప్పింది ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టుకోండి. మన చేన్లలో తిరిగే జంగపిల్లి కూడా రేపు ఒట్టి పేరుగా మిగలొద్దు కదా!