కోసిగి అవ్వలు, ఆరు పనులు

మిరపకోతలు మొదలైతే కర్నూలు జిల్లా కోసిగి నుంచి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు సుగ్గికి, అంటే కోతకూలి వలసకు, పోతాయి. ఊళ్లో మిగిలేది ముసలోళ్లు. రొట్టె వాళ్లే కాల్చుకుంటారు, బిందె వాళ్లే మోసుకుంటారు. కష్టమే, కాదనను.

వృద్ధాశ్రమంలో కష్టం ఇంకో రకం. స్నానం, బట్టలు కట్టుకోవడం, దొడ్డికి పోవడం, మంచం దిగడం, మలమూత్రాలు ఆపుకోవడం, తినడం: ఈ ఆరింటితోనే అమెరికా వైద్యుడు సిడ్నీ కాట్జ్ బృందం 1963లో స్వతంత్రతకు కొలత పెట్టింది. తొందరలో ఉన్న ఆయా తానే నీళ్లు పోసేస్తుంది, తానే ముద్ద పెట్టేస్తుంది. ప్రేమతోనే లెండి. కానీ వాడని కండ కరుగుతుంది. కొన్నాళ్లకు చెంబు నిజంగానే ఎత్తలేరు.

నిరుపేద వృద్ధుల కోసం జిల్లాకు కనీసం ఒక ఆశ్రమం, 150 మందికి చోటు అని 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల సంక్షేమ చట్టం చెప్పింది. అవ్వ రవిక గుండీలు తానే పెట్టుకునేదాకా ఆగాలంటే ఆయాలు ఎందరుండాలో మాత్రం చెప్పలేదు.