14 అంగల దూరంలో పాతకాలపు పిస్తోలు



దస్త్రంలో వ్రాసిన ఒక వ్యాఖ్య పిస్తోళ్ల దాకా పోయిన ఉదంతం ఒకటి భారతదేశ పరిపాలనా చరిత్రలో కలదు. కాగితాల మధ్య కాలం గడిపేవారికి అది వింటే నవ్వు రావచ్చును. కాని 1780 ఆగస్టు 17వ తేదీ వేకువను కలకత్తా శివార్లలోని అలీపూరులో, బెల్వెడేర్ భవనానికి సమీపాన, గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్సు, ఆయన కౌన్సిలు సభ్యుడు ఫిలిప్ ఫ్రాన్సిస్ గుండ్లు నింపిన పిస్తోళ్లతో ఎదురెదురుగా నిలిచిన మాట నిజము. స్వాతంత్ర్యానంతరం నేషనల్ లైబ్రరీ నెలకొన్నది ఆ బెల్వెడేర్ ఆవరణలోనే.

వారి వైరం 1774లో ఫ్రాన్సిస్ కలకత్తాలో దిగిననాటిది. మరాఠా యుద్ధానికి అడ్డు చెప్పనని ఫ్రాన్సిస్ మాట ఇచ్చి తప్పినాడని హేస్టింగ్సు ఆరోపణ. తాను అట్టి మాట ఇవ్వనే లేదని ఫ్రాన్సిస్ వాదన. చివరకు హేస్టింగ్సు ఒక మినిట్ వ్రాసి, ఫ్రాన్సిస్ సొంత నడవడిలో సత్యమూ గౌరవమూ శూన్యమనీ, ప్రభుత్వ వ్యవహారాలలో ఆయన నడవడిని కూడ దానినిబట్టియే నిర్ణయించుకొన్నాననీ స్పష్టంగా పేర్కొన్నాడు. ఆగస్టు 15న కౌన్సిలు సమావేశం ముగియగానే ఫ్రాన్సిస్ ఆయనను పక్కకు పిలిచి ద్వంద్వయుద్ధానికి ఆహ్వానించినాడు.

ఫ్రాన్సిస్ పక్షాన కర్నల్ వాట్సన్, హేస్టింగ్సు పక్షాన కర్నల్ పియర్స్ సాక్షులు. ఆనాటి వృత్తాంతం పియర్స్ వ్రాసిపెట్టినందువలననే తెలియవచ్చుచున్నది. వాట్సన్ 14 అంగల దూరం కొలిచినాడు. అంతకు ముందటి ఏడు లండనులో ఫాక్స్, ఆడమ్ అనే పార్లమెంటు సభ్యులు పోరాడినది ఆ దూరంలోనేనట. పూర్వోదాహరణ లేనిదే గుండు కూడ పేల్చని అధికారులు వారు! ఫాక్సుకు ఆ పోరులో స్వల్ప గాయమే తగిలినది. ప్రత్యర్థి వాడినది సర్కారువారి తుపాకిమందు గనుక బ్రతికిపోయినానని ఆయన పరిహాసమాడినట్లు చెప్పుకొంటారు.

అంగకు రెండున్నర అడుగుల లెక్కన ఆ దూరం 35 అడుగులు. అంత దగ్గర నుండి మనిషిని కొట్టలేని ఆయుధమా పాతకాలపు పిస్తోలు? ఆ పిస్తోలుకు గురి లేదనే మాట వాడుకలో స్థిరపడిపోయినది. అది సగం మాత్రమే నిజము.

నునుపు గొట్టంలో గుండు బిగువుగా కూర్చోదు. పైకి వచ్చేటప్పుడు గొట్టపు ప్రక్కకు ఒరసికొని, ఏదో ఒక వైపునకు తిరుగుడు పొందుతుంది. ఆ తిరుగుడే గాలిలో దానిని దారి తప్పిస్తుంది. ఈ సంగతిని 1742లో ప్రకటించిన గ్రంథంలో శాస్త్రీయంగా వివరించినవాడు బెంజమిన్ రాబిన్స్ అనే ఆంగ్ల గణితవేత్త. తరువాతి కాలంలో ఆయన ఒక తుపాకి గొట్టపు కొనను ఎడమకు వంచి, వరుసగా కట్టిన పలుచని కాగితపు తెరల గుండా పేల్చి చూచినాడు. గుండు మొదట ఎడమకే పోయి, పిమ్మట కుడికి వంగినది. ఆ మేధావి ఈస్టిండియా కంపెనీ కోటలను బాగుచేయించ వచ్చి, 1751లో కడలూరు సమీపాన ఫోర్ట్ సెయింట్ డేవిడ్‌లో కన్నుమూసినాడు.

అయితే రాబిన్స్ చూపిన దోషం దూరంతోపాటు పెరిగేది. నూరు గజాల వద్ద అది ప్రాణం నిలుపవచ్చును గాని 35 అడుగుల వద్ద లెక్కలోనికి రాదు. నూనె గుడ్డముక్కలో గుండును చుట్టి దిగగొట్టి, మందును ప్రతిమారు ఒకే కొలతలో పోస్తే, నునుపు గొట్టపు పిస్తోలు ఎంత నిలకడగా కొట్టునో ఈనాటికీ ప్రత్యక్షంగా చూడవచ్చును. ముందువైపు నుండి మందు కూరే తుపాకులకు అంతర్జాతీయ పోటీలు జరుగుచున్నవి. వాటిలో పాత ఇటాలియన్ గొట్టపు పనివాని పేర ‘కొమినాజ్జో’ అనే పోటీ చెకుముకి పిస్తోళ్ల కొరకే ఉన్నది. ఆనాటి అసలు ఆయుధాలకు ఒక తరగతి, నకళ్లకు మరియొకటి. దూరం 25 మీటర్లు, అనగా అలీపూరు దూరానికి రెండింతలకు పైన. 30 నిమిషాలలో 13 గుండ్లు పేల్చి, మేలైన 10 లెక్కకు తీసికొంటారు. ఆరితేరినవారు నూటికి తొంభైకి పైగా సాధిస్తారు.

కనుక లోపం గొట్టంలో కంటె తక్కిన చోట్ల వెదకవలెను. మీట నొక్కగానే గుర్రం పడి, దాని నోటిలోని చెకుముకి రాయి ఉక్కును గీరి రవ్వలు రాల్చవలె. రవ్వలు రంజకాన్ని అంటించవలె. ఆ మంట చిన్న రంధ్రం గుండా లోపలి మందును చేరవలె. ఈ లోపల రెప్పపాటు కాలం పడుతుంది. ముఖం ముందు భగ్గుమనే రంజకాన్ని చూచి కన్ను మూసికొననివాడు, ఆ రెప్పపాటు చేయి కదలనివాడు అరుదు. అభ్యాసం లేనివానికి అది అసాధ్యమే. 1798లో ప్రధానమంత్రి పిట్, టియర్నీ అనే సభ్యుడు 12 అంగల దూరంలో రెండేసి మారులు కాల్చికొని క్షేమంగా ఇండ్లకు పోయినారు. రెండవమారు పిట్ కావలెననే ఆకాశంలోనికి కాల్చినాడు, తక్కినవి తప్పిపోయినవే.

హేస్టింగ్సు తన జన్మలో ఒకటి రెండు మారులు మాత్రమే పిస్తోలు పేల్చినాడు. ఫ్రాన్సిస్ అదీ లేదు. దానికి తోడు కలకత్తాలో శ్రావణ భాద్రపదాల తేమ. తుపాకిమందులోని బొగ్గు, సురేకారం చెమ్మను పీల్చుకొంటాయి. ఫ్రాన్సిస్ మీట నొక్కినాడు. మందు చెమ్మగిల్లినందున పేలలేదు. హేస్టింగ్సు తన పిస్తోలు దించి వేచియున్నాడు. అవతలివారి వద్ద వేరే మందు లేదని తెలిసి, పియర్స్ తన తూటా నుండి మందు ఇచ్చినాడు. శత్రుపక్షపు సాక్షి ఇచ్చిన పొడి మందుతో ఫ్రాన్సిస్ మరల గురిపెట్టి కాల్చినాడు. అది తప్పినది. ఒకటి, రెండు, మూడు అని లెక్కించునంత వ్యవధిలో హేస్టింగ్సు కాల్చినాడు. గుండు ఫ్రాన్సిస్ కుడి ప్రక్కన దిగి, పక్కటెముకకు తగిలి దారి మళ్లినది. తాను చచ్చితినని ఆయన కేక వేసినాడు గాని వైద్యులు గుండు తీసివేయగా కోలుకొన్నాడు. ఆ డిసెంబరులో ఇంగ్లండుకు ఓడ ఎక్కినాడు. అచట 1788 నుండి 1795 వరకు హేస్టింగ్సు మీద నడచిన అభిశంసన విచారణకు వెనుక నుండి కావలసిన సరంజామా అందించినవారిలో ఆయన ప్రముఖుడు.

ఆ ఉదయం గుండు రెండవ వైపున తగిలియున్నచో సంగతి ఒక కుటుంబపు దుఃఖంతో పోయేది కాదు. హైదరాలీ అప్పటికే, జూలైలోనే, కర్ణాటకంలో ప్రవేశించినాడు. సెప్టెంబరు 10న పొల్లిలూరు వద్ద కంపెనీ సేన నాశనమైనది. వార్త అందగానే మద్రాసుకు సర్ ఐర్ కూట్‌ను ఓడపై పంపినది హేస్టింగ్సు. భూమార్గాన మరియొక సేనను నడిపించవలసి వచ్చినప్పుడు ఆ పని కర్నల్ పియర్స్‌కు అప్పగించబడినది. 1781 జనవరిలో మిడ్నపూరు నుండి బయలుదేరిన ఆ సిపాయి దళాలకు మార్చిలో గంజాం వద్ద విశూచి సోకి వందలమంది మంచం పట్టినారు. మిగిలినవారు ఉత్తర సర్కారుల తీరం వెంట, మన విశాఖపట్టణం సీమ మీదుగా నడచి, ఆగస్టులో కూట్ సైన్యాన్ని కలిసికొన్నారు.