గుమస్తా పద్దు చూడవలదా?
(నాగర్‌కర్నూలు పౌరసభయందు చేసిన ప్రసంగ పాఠము)



చట్టమును శాసనసభ చేయును. దాని క్రింది నిబంధనలను సచివాలయము చేయును. గడువు, రుసుము, దరఖాస్తు, జరిమానా వీనిలో పెక్కు నిబంధనలలోనే యుండును. తా మెన్నడును వినని నిబంధనవలన కక్షిదారులు నష్టపోవుట వకీళ్లమైన మేము తరచుగా చూచుచున్నాము.

ఈ బాధ మన ప్రాంతమునకు క్రొత్త కాదు. గద్వాల, వనపర్తి సంస్థానములు నిజాము రాజ్యమునకు లోబడియున్న దినములలో గస్తీయే శాసనము. సభ జరుపుటకు ముందుగా అనుమతి పొందవలెనన్న 53వ గస్తీ ప్రజల నోరు నొక్కెను. దానిని రద్దుచేయగల ప్రజాప్రతినిధి సభ నాడు లేదు. 1948లో ఆ పాలన అంతరించెను.

నేడు సభ యున్నది. అయినను చాలునా? 2016లో జరిగినది తలపోయుడు. జిల్లాల ఏర్పాటునకు ప్రత్యేక చట్టము అక్కరలేదు. 1974 నాటి చట్టము క్రింద ప్రభుత్వ ప్రకటన చాలును. ఆగస్టు 22న వెలువడిన ముసాయిదాలో నాగర్‌కర్నూలు, వనపర్తి జిల్లాలుండెను, గద్వాల లేదు. ముందుగా ప్రతిపాదనలు ప్రకటించి, ప్రజల ఆక్షేపణలు ఆలోచింపవలెనని ఆ చట్టమే విధించినది. గద్వాల ప్రజలు ఆందోళన సల్పిరి. అక్టోబరు 11న, విజయదశమినాడు, మూడును జిల్లాలయ్యెను. అధికారమిచ్చునప్పుడే సభ పెట్టిన షరతు ప్రజలకు ఊతయైనది.

అధికారమిచ్చిన పిమ్మట సభ చేయవలసిన పనియు గలదు. నిబంధనలను సభ ముందుంచవలెనని పెక్కు చట్టములు చెప్పును. సవరించుటకో, రద్దుచేయుటకో సభకు అవకాశమిచ్చును. ఇట్టి పరిశీలనకై లోక్‌సభ 1953లోనే ఒక సంఘమును ఏర్పరచుకొనెను.

న్యాయస్థానములు లేవా యందురేమో! జయపుర సంస్థానమువారు 1923లో చేసి, ప్రజలకు ప్రకటింపని నల్లమందు శాసనము చెల్లదని సుప్రీంకోర్టు 1951లో హర్లా కేసున తీర్పు చెప్పెను. కాని 1978లో అట్లాస్ సైకిల్ కేసున, ఉత్తర్వును సభ ముందుంచకపోయినంత మాత్రమున అది రద్దు కాదనెను. ప్రజలకు తెలుపుటను కోర్టు కాపాడినది. సభకు తెలుపుటను సభయే కాపాడుకొనవలెను.

ప్రతి నిబంధనను సభయే వ్రాయవలెనని మేము కోరము, అది అసాధ్యము. కాని గుమస్తాకు పెత్తనమిచ్చి పద్దు చూడని షావుకారు నష్టపోక మానునా? ఇచట నష్టము షావుకారుది కాదు, మనది.

కావున ఓటడుగవచ్చిన అభ్యర్థిని రోడ్డు, నీరు అడిగినట్లే ఇదియు నడుగుడు: “మీ ముందుంచిన నిబంధనలలో మీరు చదివినవెన్ని? ప్రశ్నించినవెన్ని?” ఆ ప్రశ్నకు జంకు ప్రతినిధియున్ననాడే మన సభ మేల్కొనును.