గుట్ట కింద బడి



1966 అక్టోబరు 21న బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో, అబర్‌ఫాన్ గ్రామంలో, కొండమీద పోసిన బొగ్గుగని వ్యర్థాల గుట్ట జారి బడిమీద పడింది. 144 మంది పోయారు. వారిలో 116 మంది పిల్లలే.

ఆ గుట్టను నీటి ఊట మీద వదులుగా గుమ్మరించారు. నీరు చేరితే అటువంటి మట్టి బురదై పారుతుంది. ముందు ఊటను కాలువతో మళ్ళించి, వ్యర్థాలను పలుచని పొరలుగా పరచి, పొర పొరనూ రోలరుతో తొక్కించాలి. బ్రహ్మవిద్యేమీ కాదు. అయినా గుట్టల భద్రతకు చట్టం 1969లో గాని రాలేదు.

ఆ గుట్ట బడికి ప్రమాదమని పురపాలక ఇంజనీరు 1963లోనే ఉత్తరం వ్రాశారు. గుమాస్తాగా నాకు నిద్ర పట్టనిది అక్కడే. నా సర్వీసులో ఎన్ని ఉత్తరాలమీద 'ఫైలు' అని వ్రాశానో! అన్నీ చదివే వ్రాశానని చెప్పలేను.